పెద్దతల అక్షింతలు

ఆదివారం వచ్చిందంటే రూపనగుడి దిగువ వీధిలో ముసలమ్మలందరూ మళ్లీ వయసుకొస్తారు. దురుగమ్మ తన గుడిసె ముందర బండ మీద కూర్చుని, కొబ్బరి చిప్పలో నల్లరంగు పొడి కలిపి, అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో ఒక్కొక్కరి తలకూ పట్టిస్తుంది. రంగు చెవుల మీదికి కారుతుంది, మెడ మండుతుంది. అయినా ఎవరూ కదలరు. సోమవారం పొద్దున ఇనుపరాళ్ల యార్డు గేటు దగ్గర మేస్త్రీ ఈరేశి ముందు నిలబడాలి కదా.

"కదలొద్దు సిద్దక్కా. పెండ్లికూతురు మాదిరి చేస్తాండా నిన్ను," అంది దురుగమ్మ.

"ఎవునికిచ్చి చేస్తావే?"

"ఈరేశిగాడుండాడు గదా. వానికి నల్ల తలకాయలంటే శానా ప్రేమ."

వీధంతా నవ్వింది. సిద్దక్క కూడా నవ్వింది గానీ, దురుగమ్మ వైపు తిరిగితే ఆమెకు దురుగమ్మ మొహం కనబడలేదు. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంది. కుడి కన్ను పోయిన ఏడాదే పూర్తిగా తెల్లబడింది. ఇప్పుడు ఎడమ కంటికీ అదే పొర దిగుతోంది. గుడ్డికన్నా మెల్ల మేలు అనుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. ఆ మెల్ల కూడా ఇంకెన్నాళ్లో ఉండేలా లేదు.

ఈ రంగుల పండగ ఎట్లా మొదలైందో చెప్పాలి. పోయిన ఎండాకాలం పక్క యార్డులో గంప మోస్తున్న ముసలాయన ఒకడు మిట్టమధ్యాహ్నం కుప్పకూలి చచ్చిపోయాడు. పేపరువాళ్లు వచ్చారు, నాలుగు రోజులు గోల జరిగింది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? నాలుగు రేకులేసి నీడ కల్పిస్తాడు, రెండు కుండల నీళ్లు పెట్టిస్తాడు. యార్డుల యజమానులు అంత అమాయకులు కాదు. వాళ్లు తెల్లజుట్టును మాన్పించారు. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఏ యార్డులోనూ నెరిసిన తలకు పని లేదు. తల నల్లగా ఉంటే చాలు, కింద ఒళ్లు ఎంత వణికినా ఎవరికీ పట్టదు. చచ్చేవాళ్లు ఎట్లాగూ చస్తారు, నల్లతలతో చస్తే పేపర్లో ముసలోళ్లని రాయరు.

మరి వయసులో ఉన్నవాళ్లనే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. వయసులో ఉన్నవాళ్లు ఆ పనికి రారు. చీనా దేశంలో ఏవో పెద్ద ఆటల పోటీలట, వాళ్లకు ఎంత ఇనుమైనా చాలదట. సండూరు కొండలు తవ్వి పోస్తుంటే రాత్రీ పగలూ లేకుండా లారీలు. మగపిల్లలందరూ లారీలెక్కారు. నాలుగక్షరాలు వచ్చినవాళ్లు కుడతినిలో కరెంటు ఫ్యాక్టరీ పనులకు పోయారు. ఎర్రదుమ్ములో గొంతుక్కూర్చుని సుత్తితో రాయి పగలగొట్టి, మంచి రాయి ఒక కుప్ప, మన్ను రాయి ఒక కుప్ప ఏరే పని ముసలమ్మలకు మిగిలింది. ముసలమ్మలే చేయాలి, కానీ ముసలమ్మలు కనబడకూడదు. అదీ సంగతి.

సిద్దక్క పని చేసే యార్డు కోదండరామప్ప కొడుకు జగదీశ్‌ది. యార్డు కాకముందు అది కోదండరామప్ప పొలం. ఆ పొలంలో సిద్దక్క ఊహ తెలిసినప్పటి నుంచి కలుపు తీసింది, పత్తి ఏరింది, మిరపకాయ కోసింది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఏడాది కూడా ఆ గట్ల మీదే ఏడ్చుకుంటూ జొన్న కోసింది. జగదీశ్ ఒకనాడు కాపు మీదున్న పత్తి మీదే మట్టి తోలించి, చుట్టూ రేకులు కొట్టించి, రాళ్ల యార్డు చేశాడు. ఆ డబ్బుతో బళ్లారి సత్యనారాయణపేటలో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఇంటిల్లిపాదీ అక్కడికి మారిపోయారు. సిద్దక్క కొడుకును మాత్రం ఆ లారీల్లోనే ఒకటి హోస్పేట రోడ్డు మీద మింగేసింది. ఆమె పొయ్యిలో పిల్లి లేవాలంటే ఆమె రెక్కలే ఆడాలి, రెక్కలు ఆడాలంటే కన్ను కనబడాలి.

ఆ సోమవారం నల్లతలతోనే గేటు దాటింది. కానీ మధ్యాహ్నానికి మన్ను రాయి తీసి మంచి కుప్పలో వేసింది. కొన్నాళ్లుగా ఆమె రాళ్లను చూసి ఏరడం లేదు, చేతిలో బరువు చూసి ఏరుతోంది. చెయ్యి అలిసిపోతే బరువు కూడా మోసం చేస్తుంది. ఈరేశి వచ్చి ఆ రాయిని చెప్పుకాలితో తన్నాడు.

"ఏం సిద్దక్కా, కండ్లు యాడ పెట్టుకొని వచ్చినావు?"

"చెమట పడెనప్పా కండ్లల్లో."

"రోజూ చెమటేనా నీకు? ఇంగో తూరి ఇట్లయితే నేను జెప్పను, గేటే జెప్తాది."

ఆమె ఆ రాయిని ఏరి మన్ను కుప్పలో వేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

ఆ సాయంత్రమే ఊళ్లోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. వచ్చే శుక్రవారం కోదండరామప్పకు భీమరథ శాంతి, డెబ్బయ్యో ఏడు నిండిన పండగ. ఊళ్లోని పాత ఇంట్లోనే చేస్తారు. ఆ సందర్భంగా జగదీశప్ప అరవై దాటిన డెబ్బై మంది ముసలివాళ్లకు బళ్లారి తీసుకుపోయి కంటి ఆపరేషన్ చేయిస్తాడు, చిల్లిగవ్వ ఖర్చుండదు. గురువారం సాయంత్రం డాక్టర్లు ఊరికే వచ్చి చూస్తారు. శుక్రవారం పూజ కాగానే వ్యాన్లు బయలుదేరుతాయి. కార్డులూ కాగితాలూ అక్కర్లేదు. ఊళ్లో ఎవరి వయసెంతో పెద్దాయనకు తెలుసు, ఆయన సరేనంటే సరే.

సిద్దక్క ఆటో పోయేదాకా కదలకుండా విన్నది. తర్వాత దురుగమ్మ గుడిసెకు పోయింది.

"నేను పోతా," అంది.

"పిచ్చా ఏమన్నా? ఆ లైన్లో నిలబడితే నేను ముసల్దాన్ని అని ఒప్పుకున్నట్లే గదా. ఈరేశిగాడు ఆడే ఉంటాడు. ముసల్దానికి యార్డులో పని యాడుండాది?"

"కన్ను పోతే మాత్రం పనుంటాదా? కన్నుంటే యాడన్నా పాచి పని చేసుకొని బతుకుతా. గుడ్డిదాన్ని ఎవురు పెట్టుకుంటారే? నీకు కనబడతాది గాబట్టి నీకు రంగు చాలు. నాకు చాల్దు."

నిజానికి సిద్దక్కకు ఒకటే ధైర్యం. వయసు చెప్పాల్సినవాడు కోదండరామప్ప. కోదండరామప్ప బొడ్డు కోసింది సిద్దక్క తల్లి. ఆ రోజు సిద్దక్క పాకే పిల్ల. పురిటింటి గడప బయట మట్టిలో పాకుతూ, లోపల పిల్లవాడు ఏడిస్తే తానూ ఏడ్చిందట. కోదండరామప్ప తల్లి బతికున్నన్నాళ్లూ ఈ మాట చెప్పి నవ్వేది. కోదండరామప్ప చిన్నతనంలో సిద్దక్కను "నా కంటే ముందే ఏడ్చినదానివి" అని ఏడిపించేవాడు కూడా. ఊళ్లో ఇంకెవరి వయసు మరిచిపోయినా ఆమె వయసు ఆయన మరిచిపోడు.

గురువారం సాయంత్రం పాత ఇంటి ముందర షామియానా వేశారు. ముందు వరసలో పెద్ద కుర్చీలో కోదండరామప్ప, పక్కనే ఆయన భార్య రామసుబ్బమ్మ. ఆమెకు పోయిన ఏడాదే బెంగళూరులో రెండు కళ్లూ బాగు చేయించారు. కోదండరామప్ప మీసం కాకి రెక్కలా నల్లగా ఉంది, తల అంతకంటే నల్లగా ఉంది. ఆయన రంగు బళ్లారి సెలూన్లో వేస్తారు, మెడ మండదు. వచ్చిన ప్రతివాడూ ఆయన చేతులు పట్టుకుని ఒకే మాట అంటున్నాడు.

"డెబ్బై అంటే ఎవురు నమ్ముతారప్పా? యాభై అయిదు దాటినట్ల గూడా లేదు నీకు."

ఆయన మురిసిపోయి మీసం దువ్వుకుంటున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అదే నల్లరంగు ఒకరికి ముచ్చట, ఇంకొకరికి ముద్ద.

లైను మెల్లగా సాగింది. కుర్ర డాక్టరు సిద్దక్క రెప్పలు పైకెత్తి, చిన్న లైటు వేసి చూశాడు. తర్వాత కన్నడంలో గట్టిగా చెప్పాడు, చెవుడు కూడా ఉందనుకున్నాడేమో. "అజ్జీ, పొరె పూర్తి బందిదె. ఇన్ను తడ మాడబేడి!" పొర పూర్తిగా వచ్చేసింది, ఇంక ఆలస్యం చేయొద్దని. ఆ మాటకే ఆమెకు సగం చూపు వచ్చినట్లయింది.

డాక్టరు దాటితే కోదండరామప్ప కుర్చీ. కుర్చీకి ఒకవైపు జగదీశ్, వెనకాల ఈరేశి. ఈరేశి ఆమెను చూసి కనుబొమ్మలెగరేశాడు. సోమవారం సంగతి సోమవారం చూసుకుందాం అనుకుని ఆమె ముందుకే నడిచింది. సరిగ్గా అప్పుడే పేపరు నుంచి వచ్చిన ఫొటోల అబ్బాయి ఆమె మొహం మీదికి కెమెరా తెచ్చాడు.

"అవ్వా, ఇట్ల చూడు. ఈ వయసులో ఏం పని చేసుకుంటాండావు?"

ఆ ప్రశ్న వెనక ఏముందో ఆమెకు తట్టలేదు. కన్ను వస్తుందన్న సంబరంలో నిజం నోట్లోంచి జారిపోయింది. "మన జగదీశప్ప యార్డులోనేనప్పా. రాళ్లు కొడతాండా."

కెమెరా దిగింది. "నీకెన్నేండ్లు? డెబ్బై ఏండ్ల ముసలమ్మ యార్డులో రాళ్లు కొడతాండాదా?"

జగదీశ్ మొహంలో నెత్తురు లేదు. అతను వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు, వేసి నొక్కాడు. సిద్దక్కకు అదేమీ కనబడలేదు. ఆమె నవ్వుతూ కోదండరామప్ప ఉన్న వైపుకు మొహం తిప్పి నిలబడింది. చెప్పప్పా, అన్నట్లు.

కోదండరామప్ప గొంతు సవరించుకున్నాడు.

"డెబ్బై యాడివి? సిద్దక్కకు యాభై అయిదుంటాయి. నా కండ్ల ముందర పుట్టిన పిల్ల అది."

జగదీశ్ గట్టిగా నవ్వాడు. "తల చూడండి సార్. ఒక్క తెల్ల వెంట్రుక ఉండాదేమో ఎతకండి. ఆపరేషన్ అంటే ఎవురికి ఆశుండదు చెప్పండి! పోమ్మా సిద్దక్కా, నీ అట్లా వయసులో ఉండేవాళ్లకు ఇంగో తూరి పెడతాం క్యాంపు." జనం నవ్వారు. ఫొటోల అబ్బాయి కూడా నవ్వి, పక్కన తెల్లతల ముసలాయన వైపు తిరిగాడు. ఎవరిదో చెయ్యి సిద్దక్కను మెత్తగా లైన్లోంచి అవతలికి నెట్టింది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తాను విన్నది తప్పేమో అనుకుంది. ఈరేశి వెనకాలే వచ్చి చెవిలో చెప్పాడు. "సోమవారం పనికొచ్చేయ్. నీ కూడు నిలబెట్టినాడు పెద్దప్ప. మనసులో దండం పెట్టుకో."

అప్పుడు అర్థమైంది. అర్థమై కాళ్ల నుంచి నెత్తిదాకా కాలిపోయింది. దండం పెట్టుకోవాలట! ఆమె ఒంట్లో సత్తువ దోచుకున్నారు, ఊరుకుంది. పొలం రాళ్ల పాలు చేశారు, పొలం ఆమెది కాదు గనుక ఊరుకుంది. కొడుకు పోతే లారీవాడిది తప్పు లేదన్నారు, దానికీ ఊరుకుంది. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టు, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టు అన్నట్లు ఇన్నేళ్లూ పెడుతూనే వచ్చింది. ఆమెకంటూ మిగిలింది ఆమె బతికిన ఏళ్లు ఒక్కటే. అవి ఒకరిచ్చినవి కావు, ఒక్కొక్క ఏడూ ఆమె ఈడ్చుకొచ్చినవి. వాటిలోంచి కూడా పదిహేనేళ్లు ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చుని కోసేశాడు.

"వయసు గూడా దోచుకునిరే దురుగమ్మా," అంది వీధిలోకి రాగానే. "ఈరన్నా మల్లన్నా ఎవురో అయితే పాయె అనుకుందును. మాయమ్మ బొడ్డు కోసినోడే!"

"పోనీలే సిద్దక్కా. పనన్నా నిలబడింది."

"నోరు ముయ్యి! దేంతో జేయాల పని? నీ కండ్లు ఇస్తావా?"

దురుగమ్మ మీద అరిచినందుకు తర్వాత బాధపడింది. దురుగమ్మకు మాత్రం కోపం రాలేదు. ఎవరి మీద అరవాలో వాళ్ల మీద అరవలేనప్పుడు పక్కింటివాళ్లే దొరుకుతారని ఆ వీధిలో అందరికీ తెలుసు.

ఆ రాత్రి సిద్దక్క కుంకుడుకాయ నలగ్గొట్టి తల రుద్దుకుంది, నిమ్మకాయ రుద్దింది, ఆఖరికి బట్టల సబ్బు కూడా రుద్దింది. నెత్తి మంట పుట్టింది గానీ రంగు పోలేదు. యార్డులో పని దొరకాలని మంచి రకం పొడి తెచ్చేది దురుగమ్మ. తన తల తనకే అబద్ధం చెబుతోంది. తలను చేతుల్లో పట్టుకుని కూర్చున్నప్పుడు సిద్దక్కకు పెద్దతల అక్షింతలు గుర్తొచ్చాయి.

కోదండరామప్ప వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. శాంతి చేసుకున్న దంపతులు స్నానం అయ్యాక ఊళ్లో అందరికంటే పెద్ద వయసు మనిషి చేతి అక్షింతలు నెత్తిన వేయించుకోవాలి. ఏ కులమైనా, ఏ వీధైనా సరే. ఆయుష్షు ఉన్నవాళ్ల చేతిలోనే ఆయుష్షు ఉంటుందని వాళ్ల నమ్మకం. పెద్దతల దీవించేదాకా దంపతులు పీట మీంచి లేవకూడదు. కోదండరామప్ప తండ్రి అరవయ్యో ఏట ఆ అక్షింతలు వేసింది సిద్దక్క అవ్వే. అప్పుడు అవ్వ చీర కొంగు పట్టుకుని సిద్దక్క కూడా ఆ ఇంటి నడవలోకి పోయింది. ఆ ఇంట్లోకి ఆమె పోవడం అదే మొదలు, అదే కడ.

ఇప్పుడు ఊళ్లో కోదండరామప్ప కంటే పెద్దవాళ్లు ఎవరున్నారు? వాళ్ల వీధిలో లేరు. దిగువ వీధిలో అసలు ఉండరు. అక్కడ డెబ్బై దాకా ఎవరొస్తారు? దగ్గుతో కొందరు, ఎండకు కొందరు ముందే రాలిపోతారు. ఉన్నది సిద్దక్క ఒక్కతే.

శుక్రవారం తెల్లవారీ వారకముందే ఆమె రోడ్డు మీద మంగలి లింగప్ప అంగడి ముందు కూర్చుని ఉంది.

"గుండు గొట్టప్పా."

లింగప్ప బిత్తరపోయాడు. "నీకా? ఏ దేవుని మొక్కు సిద్దక్కా?"

"కోదండరామప్ప మొక్కు."

లింగప్ప ఆమె మొహం చూశాడు, ఇంకేమీ అడగకుండా కత్తి తీశాడు. నల్లటి వెంట్రుకలు కింద పడ్డాయి. కింద నుంచి తెల్లటి కుదుళ్లతో తల బయటికొచ్చింది, ఉప్పు తేలిన నేల మాదిరి. ఆమె అరచేత్తో తడిమి చూసుకుంది. చాలా రోజులకు తన తలను తాను తాకినట్లయింది.

పాత ఇంటి ముందర పొద్దున్నే జనం. కలశాల నీళ్లు దంపతుల నెత్తిన పోయడం అప్పుడే అయిపోయింది. కోదండరామప్ప, రామసుబ్బమ్మ తడిబట్టలతో నడవలో పీటల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. వీధి మొగలో కంటి వ్యాన్లు నిలబడి ఉన్నాయి. దిగువ వీధి ఆడవాళ్లు వంటల దగ్గర నీళ్లు మోస్తున్నారు. పురోహితుడు అక్షింతల పళ్లెం ఎత్తి, "పెద్దతల ఎవరండీ? రండి, దీవించండి," అని పిలిచాడు.

జగదీశ్ ముందే ఏర్పాటు చేసుకున్నాడు. కాలువ కింద వరి పండించే వలసరైతుల క్యాంపు నుంచి బసవపున్నయ్యను పిలిపించాడు. బసవపున్నయ్య కుటుంబం కోస్తా నుంచి వచ్చి స్థిరపడింది. వందెకరాల ఆసామి, తెల్ల పంచె, తెల్ల తల. రంగేసుకునే సరదా ఆయనకు లేదు. ఆయన పళ్లెం అందుకోగానే గుంపు చీలింది. బోడిగుండుతో, కొంగు నెత్తిన లేకుండా సిద్దక్క నడవలోకి వచ్చింది.

"అయ్యో శివా!" అని ఎవరో అన్నారు. శుభకార్యంలో విధవ, అదీ గుండుతో. రామసుబ్బమ్మ తల ఎత్తి చూసింది. "ఏమ్మే సిద్దక్కా, మంచి పొద్దు గదా ఇది, ఇట్లేనా వచ్చేది? పో అవతలికి!"

"పోతానమ్మా. పెద్దతలను పిలిచినారు గదా, వచ్చినా."

జగదీశ్ ముందుకురికాడు. "నీకేం తిక్క బట్టిందా? నిన్ననే నాయన చెప్పె గదా నీ వయసు!"

"మీ నాయన చెప్పినాడు. నా తలకాయ ఏం చెప్తాదో అది గూడా చూడప్పా." ఆమె తల వంచి గుండు అతని ముందు పెట్టింది. "పదిహేనేండ్ల అబద్ధం గొరిగించుకొని వచ్చినా. మీ యార్డు కోసం పూసుకునింది అది. మీ నాయన పూసుకునింది ఎవురి కోసమో ఆయన్నే అడుగు."

ఎక్కడో ఒక నవ్వు పుట్టి వెంటనే చచ్చిపోయింది. సిద్దక్క మసకలో తెల్లపంచె ఉన్న వైపు తిరిగింది.

"పున్నయ్యప్పా, నువ్వే చెప్పు. మీ నాయన యేలు పట్టుకొని నువ్వు ఈ ఊరికి వచ్చిననాడు నేను కాలువ పనిలో మన్ను గంప మోస్తాంటి. నా సంకలో నా మొదటి బిడ్డ ఉండె. నీకు దప్పికయితే నా ముంతలో నీళ్లిస్తి. యాదుండాదా?"

బసవపున్నయ్య చేతిలోని పళ్లెం కిందికి దించాడు. "ఉందమ్మా. ఎందుకుండదూ?" అన్నాడు. తర్వాత జగదీశ్ వైపు తిరిగాడు. "నాకు అరవై రెండేనండీ. పెద్దరికం ఇస్తున్నారు గదా అని వచ్చాను. ఆవిడ ఎదురుగా నేను పెద్దోణ్ణి ఎలా అవుతానండీ? నా వల్ల కాదు." పళ్లేన్ని పీటల ముందు పెట్టి, చేతులు తుడుచుకుని వెనక్కి జరిగాడు.

పురోహితుడు అటూ ఇటూ చూశాడు. వంటల దగ్గర దిగువ వీధి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. దురుగమ్మ కొంగును తన నల్లతల మీదికి ఇంకా ముందుకు లాక్కుంది. సిద్దక్క వాళ్ల వైపు చూడలేదు. వాళ్లకు సోమవారం ఉంది.

"చెప్పు కోదండరామప్పా," అంది. "నీ బొడ్డు కోసినపుడు మీ గడప బయట పాకుతాండినదాన్ని నేను. నీ కండ్ల ముందర నేను పుడితినా, నా కండ్ల ముందర నువ్వు పుడితివా? ఆ కండ్లు ఇప్పుడు పోతాండాయి. అదొక్కటీ చెప్పు, పోతా."

కోదండరామప్ప తల ఎత్తలేదు. తడి జుట్టు నుదుటి మీద అంటుకుని ఉంది. పెద్దతల దీవించేదాకా లేవకూడదు. లేచిపోతే ఆయుష్షుకు ముప్పని ఆయన నమ్మకం. జగదీశ్ చెయ్యి భుజం మీదికి రాబోతే ఈసారి ఆయనే దాన్ని తోసేశాడు. ఊపిరి తీసినంత చిన్నగా చెప్పాడు.

"నా కంటే పెద్దదే. వెయ్యనీండి."

బిడ్డ మీద ప్రేమతో నిన్న అబద్ధమాడాడు, ప్రాణం మీద తీపితో ఇవాళ నిజం చెప్పాడు. ఆమె కోసమైతే ఏ రోజూ ఏదీ చెప్పలేదు. సిద్దక్కకు అది బాగానే తెలిసింది. ఆమె వంగి, తడుముకుంటూ పళ్లెంలోంచి పిడికెడు అక్షింతలు తీసుకుంది. సుత్తి పట్టి కాయలు కాసిన పిడికిలి అది. ముందు రామసుబ్బమ్మ నెత్తిన నాలుగు గింజలు వేసి, "చల్లగుండు తల్లీ" అంది. మిగిలినవన్నీ కోదండరామప్ప నల్లటి నెత్తి మీద పోసింది. పోసి, ఆ చెయ్యి అక్కడే పెట్టి అదిమింది.

"నూరేండ్లు బతుకప్పా. నిండు నూరేండ్లు బతుకు. నా బతుకు బతుకు."

ఎవరూ తథాస్తు అనలేదు. పురోహితుడికి నోరు అలవాటుగా తెరుచుకుని, మళ్లీ మూసుకుపోయింది. చెయ్యి తీసేశాక కూడా కోదండరామప్ప పీట మీంచి లేవలేదు.

సిద్దక్క గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. గేటు దగ్గర ఈరేశి పళ్లు కొరుకుతూ నిలబడి ఉన్నాడు. "ఇంగ యార్డు మొగం చూడొద్దు నువ్వు. తెలిసెనా?"

"చూడనులే. నీ తలా నెరుస్తాది ఈరేశీ. ఆపొద్దుకు ఇప్పుడే నాలుగు పొట్లాలు దాచిపెట్టుకో."

వీధి మొగలో వ్యాన్లు అట్లాగే ఉన్నాయి. ఎవరూ పిలవకుండానే ఆమె మొదటి వ్యాను ఎక్కి, ముందు సీట్లో కూర్చుంది. కన్ను కావాలి. ఇచ్చేవాడి మీద ఎంత మంటగా ఉన్నా కన్ను కన్నే. పౌరుషానికి పోయి గుడ్డిదైపోతే వాళ్లకేం నష్టం? డ్రైవరు బీడీ పారేసి వెనక్కి తిరిగాడు.

"అవ్వా, గుండు బాగుండాది గానీ, నీ వయసెంతో రాయించినావా? డెబ్బై మంది ముసలోళ్లకే ఈ వ్యాన్లు."

"పోయి మీ పెద్దప్పను అడుగు పో," అంది సిద్దక్క, కొంగు విప్పి తెల్లటి గుండు తుడుచుకుంటూ. "నిన్న మర్చిపోయినాడు గానీ, ఇప్పుడు బాగా తెలుసు ఆయనకు."